నాన్న ఫైబర్ పడవకు పెద్ద ట్యాంకు, వీపు ఆనే సీటు పెట్టాలి: నడిమి బల్ల కోయొచ్చా?

సాగర్ గట్టు (చింతల్) – జూలై 6

అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్‌ను. మా ఊరు నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డున, నల్గొండ జిల్లా వైపు. నాన్నకు 61 ఏళ్లు. ఇప్పటికీ రోజూ పడవ మీద వేటకు వెళ్తాడు. పడవ 16 అడుగుల ఫైబర్‌ది, వెనక 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ పెట్రోల్ ఇంజన్. రెండేళ్లుగా ఆయనకు మోకాళ్ల నొప్పులు. నడిమి బల్ల మీద కూర్చుని వల లాగి, లేవాలంటే పడవ అంచు పట్టుకుని నిమిషం సేపు కష్టపడుతున్నాడు. మొన్న నేను వెళ్లినప్పుడు చూసి తట్టుకోలేకపోయాను.

చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఇప్పుడు వేట ఆపారు. ఈ వ్యవధిలో పడవను డీసీఎంలో బాలానగర్‌కు తెచ్చి పని చేయించాలని ఉంది. నా ఆలోచన ఇది. నడిమి బల్ల కోసేసి అక్కడ వీపు ఆనే తిరిగే కుర్చీ బిగించాలి. ముందు బల్ల కింద ఉన్న ఖాళీలో 40 లీటర్ల స్టీల్ ట్యాంకు పెట్టించాలి. ఇప్పుడు వాడేది కాళ్ల దగ్గర దొర్లే ప్లాస్టిక్ క్యాను. ఫోన్ ఛార్జింగ్‌కు, లైటుకు ఒక 12 వోల్టుల బ్యాటరీ కూడా అదే ఖాళీలో పెడితే సర్దుగా ఉంటుందని అనుకుంటున్నా. ఒక షాపులో అడిగితే మూడు రోజుల్లో ఇచ్చేస్తామన్నారు. కోసే ముందు తెలిసినవాళ్ల మాట విందామని ఇక్కడ రాస్తున్నా.

ఉప్పాడ కెరటం (కూకట్‌పల్లి) – జూలై 6

తమ్ముడూ, మాది ఉప్పాడ. నేను పన్నెండేళ్లు ఫైబర్ పడవలు కట్టే యార్డులో పనిచేశాను. ట్యాంకు సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు బల్ల మీద రంపం పెట్టకు.

అది కూర్చోవడానికి మాత్రమే పెట్టిన బల్ల కాదు. పదహారు అడుగుల పడవకు రెండు పక్కల గోడలనూ పట్టి ఉంచేది అదే. దాన్ని తీసేస్తే అల కొట్టినప్పుడల్లా గోడలు లోపలికీ బయటికీ ఊగుతాయి. నెల తిరిగేసరికి అడుగు మూలల్లో వెంట్రుక మందాన పగుళ్లు కనిపిస్తాయి. అలా బల్లలు తీసేసి యార్డుకు తిరిగొచ్చిన పడవలకు నేనే ప్యాచీలు వేశాను. ప్యాచీ వేసినా పాత గట్టిదనం రాదు.

రెండో సంగతి. ఆ బల్ల డొల్లగా ఉందా, లోపల ఫోమ్ ఉందా? వేలి కణుపుతో తట్టి చూడు. ముందు, వెనక పెట్టెల్లో కూడా చూసి చెప్పు.

సాగర్ గట్టు – జూలై 7

అన్నా, నాన్నతో ఫోన్‌లో తట్టించాను. నడిమి బల్ల మూసిన పెట్టె, చప్పుడు మందంగా వస్తోంది. అంటే ఫోమ్ ఉన్నట్టే. ముందు పెట్టె ఖాళీ, వెనకది సగం తెరిచి ఉంది. బల్ల కొలతలు: పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 35, ఎత్తు 28.

ఉప్పాడ కెరటం – జూలై 7

అయితే లెక్క చూడు. 120ని 35తో, దాన్ని 28తో గుణిస్తే 117 లీటర్ల చిల్లర. నీళ్లలో మునిగితే ఆ పెట్టె 117 కిలోల నీళ్లను పక్కకు నెడుతుంది. ఫోమ్ బరువు నాలుగు కిలోలు తీసేసినా 113 కిలోలు పైకి తేలుస్తుంది.

ఇప్పుడు పడవ వైపు చూద్దాం. మీ పడవ తొట్టి ఒక 200 కిలోలు ఉందనుకుందాం. ఫైబర్ నీటికంటే ఒకటిన్నర రెట్లకు పైనే బరువు. కాబట్టి మునిగినా దాని బరువులో దాదాపు 75 కిలోలు కిందికి లాగుతూనే ఉంటుంది. ఇంజన్ ఇంకో 30 వేసుకో. మొత్తం 105. పడవ నీళ్లతో నిండిపోయినా అంచు పైకి తేలుతూ ఉందంటే ఆ నడిమి బల్ల వల్లే. అది తీసి కుర్చీ పెడితే పడవ రాయిలా కిందికి పోతుంది. మీ నాన్నగారు పట్టుకుని తేలడానికి ఏమీ మిగలదు. సాగర్ లోతు నీకు తెలుసు.

ట్యాంకు విషయంలో మాత్రం నాకు అభ్యంతరం లేదు. మా వైపు డీజిల్ పడవలకు బిగించిన ట్యాంకులే ఉంటాయి, ఏళ్ల తరబడి వాడుతున్నారు.

పుట్టి తెడ్డు (పెద్దవూర) – జూలై 7

నేను కూడా సాగర్‌లో వల వేసేవాడినే. కుర్చీ గురించి ఒక మాట. వల లాగే పడవలో ముక్కు బయటికి పెట్టిన ఏ బోల్టైనా, మేకైనా, కుర్చీ కాలైనా వలకు తగులుకుంటుంది. గాలి లేస్తున్నప్పుడు వల చిక్కుకుంటే పడవ ఒక పక్కకు ఒరుగుతుంది, విడదీసే టైం ఉండదు. తిరిగే కుర్చీలు గాలం వేసుకునేవాళ్లకు బాగుంటాయి. మనకు నున్నటి బల్లే కావాలి. మా పడవలో తెడ్డు పెట్టుకునే కొక్కేలు కూడా గోడ బయటికి రాకుండా లోపలికే పెట్టుకున్నాం.

బాలానగర్ ఫిట్టర్ – జూలై 7

ఉప్పాడ అన్న చెప్పిన బల్ల లెక్కకు నేను సరే అంటాను. ట్యాంకు దగ్గర మాత్రం కాదంటాను. నేను 26 ఏళ్లుగా ట్యాంకులు వెల్డింగ్ చేస్తున్నాను. డీజిల్ ట్యాంకుకూ పెట్రోల్ ట్యాంకుకూ ఒకే లెక్క పనికిరాదు. డీజిల్ మామూలు ఎండలో అంటుకునేంత ఆవిరిని ఇవ్వదు. పెట్రోల్ చలికాలం తెల్లవారుజామున కూడా ఇస్తుంది. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, పడవ అడుగున నీళ్లలా పేరుకుంటుంది. పడవకు అడుగున తూము ఉండదు కదా, ఎటు పోతుంది? మూసిన ముందు పెట్టెలో పెట్రోల్ ట్యాంకు, దాని పక్కనే బ్యాటరీ అంటున్నావు. వైరు వదులై ఒక్క మెరుపు చాలు. బ్యాటరీని ఏ పరిస్థితిలోనూ ట్యాంకున్న పెట్టెలో పెట్టకు.

బిగించిన పెట్రోల్ ట్యాంకు పెట్టాలంటే పెట్టెకు గాలి రావడానికీ పోవడానికీ రెండు దారులు కావాలి, పోయేది అడుగు నుంచి తీసుకోవాలి. ట్యాంకు ఆవిరి గొట్టం పడవ బయటికి, నీళ్లు పడని ఎత్తులో తెరుచుకోవాలి. లోపల అడ్డుపలకలు ఉండాలి, లేకపోతే పడవ ఒరిగిన పక్కకే పెట్రోల్ అంతా పరుగెత్తి ఇంకా ఒరిగేలా చేస్తుంది. నింపే మూతను ట్యాంకుతో ఎర్త్ వైరుతో కలపాలి. వెల్డింగ్ అతుకులన్నీ గాలి ఎక్కించి సబ్బునీళ్లతో చూడాలి. మూడు రోజుల్లో ఇస్తామన్న షాపు వీటిలో ఎన్ని చెప్పిందో అడుగు.

ఇంకొకటి, ఇది ఎవరైనా చదువుతారని రాస్తున్నా. పాత బండి ట్యాంకు కోసి పడవకు అతికించొద్దు. ఖాళీ పెట్రోల్ ట్యాంకు నిండుదానికంటే ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరికి వెల్డింగ్ నిప్పు తగిలితే బాంబే. మా వీధిలోనే ఒక పిల్లాడి చేయి పోవడం చూశాను.

సాగర్ గట్టు – జూలై 8

అన్నా, చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నాన్న బీడీ తాగుతాడు. పడవలో కూడా.

మరి ట్యాంకు ఎలా? క్యాను కాళ్లకు అడ్డం, పైగా మాటిమాటికీ నింపాలి.

ఉప్పాడ కెరటం – జూలై 8

ఫిట్టర్ గారు చెప్పింది నిజం. నేను డీజిల్ కళ్లతో చూశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. నాన్నగారు రోజుకు ఎంత పెట్రోల్ వాడతారు?

సాగర్ గట్టు – జూలై 8

పొద్దున వల తీయడానికి, సాయంత్రం వేయడానికి కలిపి ఆరేడు లీటర్లు. ఈ మధ్య ఎనిమిది దాకా పోతోందట. "ఇంజన్ ముసలిదైంది, నాలెక్కనే" అంటాడు.

బాలానగర్ ఫిట్టర్ – జూలై 8

ఎనిమిది లీటర్లు తాగే పడవకు 40 లీటర్లు ఎందుకు? 40 లీటర్ల పెట్రోల్ దాదాపు 30 కిలోలు. ముందు పెట్టెలో పెడితే ముక్కు బరువై ఎదురు అలలోకి దూరుతుంది. సగం అయ్యేసరికి ముక్కు తేలి నడక మారుతుంది. పెట్రోల్ లెక్క పడవలో మూడు వంతులు: వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి, గాలి ఎదురైతే ఒకటి. ఎనిమిది వాడేవాడికి పన్నెండు ఉంటే చాలు. ఇంజన్లతో వచ్చే 12 లీటర్ల చేతి ట్యాంకులు దొరుకుతాయి. ఒకటి పడవలో, ఒకటి ఇంటి దగ్గర.

నీది టూ స్ట్రోక్. ఇంకో ముఖ్యమైన సంగతి ఇందులోనే ఉంది. 50కి ఒకటి పాళ్లలో ఆయిల్ కలపాలి, అంటే 12 లీటర్లకు 240 మిల్లీలీటర్లు. చేతి ట్యాంకైతే పోసి మూత బిగించి ఊపుతావు, కలిసిపోతుంది. బిగించిన 40 లీటర్ల ట్యాంకును ఎలా ఊపుతావు? సగం ఉన్నప్పుడు నింపితే పాళ్లు ఎలా లెక్కపెడతావు?

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోల్, 20 శాతం దాకా ఉంటుంది. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. పెద్ద ట్యాంకులో వారాల తరబడి ఉంచితే, నీరు ఎక్కువైనప్పుడు నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఇంజన్‌కు పోయే గొట్టం పీల్చేది అడుగు నుంచే. ఆ పొరలో ఆయిల్ ఉండదు. టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్ లేకుండా తిరిగితే పిస్టన్ పట్టేస్తుంది, అదీ జలాశయం మధ్యలో. చిన్న ట్యాంకు, రెండు రోజులకోసారి కొత్త పెట్రోల్. అదే మంచిది.

ఉప్పాడ కెరటం – జూలై 8

ఇథనాల్ గురించి ఇంకో ముక్క. ఫైబర్‌తో ట్యాంకు చేయించుకుందామని కొందరు అనుకుంటారు, చవక అని. ఫైబర్ పనికి వాడే జిగురును, అంటే మామూలు పాలిఎస్టర్ రెజిన్‌ను, ఇథనాల్ మెల్లగా మెత్తబరుస్తుంది. ఆ జిగురు కార్బురేటర్‌లో నల్లగా పేరుకుంటుంది. వద్దు.

పాత రబ్బరు గొట్టం కూడా మార్చు తమ్ముడూ. వేలితో వంచితే పగుళ్లు కనిపిస్తే దాని పని అయిపోయినట్టే.

నల్లకుంట ఫిజియో – జూలై 9

నేను పడవ ఎక్కింది హుస్సేన్‌సాగర్‌లో ఒక్కసారే, కానీ మోకాళ్లు రోజూ చూస్తాను. సాగర్ గట్టు గారూ, మీరు మొదటి పోస్టులో రాసిన ఒక మాట ముఖ్యం. నాన్నగారికి కూర్చోవడం కష్టమని మీరు రాయలేదు, లేవడం కష్టమని రాశారు. అప్పుడు వీపు ఆనే కుర్చీ కంటే ముందు చూడాల్సింది ఎత్తు.

బల్ల ఎత్తు 28 సెంటీమీటర్లన్నారు. ఆయన్ని గోడకు ఆనించి నిలబెట్టి, మడమ నుంచి మోకాలి వెనక మడత దాకా కొలవండి. మన ఎత్తు మగవాళ్లకు దాదాపు 40 నుంచి 44 వస్తుంది. సీటు అంతకంటే పది పదిహేను సెంటీమీటర్లు తక్కువగా ఉంటే, కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటి కంటే పైకి వస్తాయి. లేచేటప్పుడు భారమంతా మోకాలి చిప్ప వెనక పడుతుంది. అరిగిన మోకాలికి అదే అన్నిటికంటే బాధ. పది సెంటీమీటర్లు లేపినా ఆయనకు తేడా వెంటనే తెలుస్తుంది.

లేచేటప్పుడు రెండు చేతులతో పట్టుకోవడానికి ఏదైనా కావాలి, ముందు వైపు. పడవ అంచు పట్టుకుంటే ఒక పక్కకే భారం వేస్తారు.

సాగర్ గట్టు – జూలై 9

మేడమ్, ఫోన్‌లో అమ్మతో కొలిపించాను. 43. పదిహేను సెంటీమీటర్ల తేడా. ఇన్నేళ్లూ ఎవరూ కొలవలేదు.

ఉప్పాడ కెరటం – జూలై 9

సీటు పైకి లేపితే మనిషి బరువు పైకి పోతుంది, పడవ ఎక్కువ ఊగుతుంది. తిరిగే కుర్చీలు పెడితే ముప్పై, నలభై సెంటీమీటర్లు లేస్తాయి కాబట్టే నాకు భయం. పది అయితే పర్వాలేదు, పెట్రోల్‌ను అడుగుకు, మధ్యకు తెస్తే.

అలా అయితే బల్ల కోయకుండా దాని మీదే 10 సెంటీమీటర్ల పెట్టె కట్టు. లోపల ఫోమ్ నింపి పైన మూడు పొరల మ్యాట్ (రెజిన్ పూసి అతికించే ఫైబర్ గుడ్డ) వెయ్యి. 120, 35, 10 అంటే ఇంకో 42 లీటర్లు తేలే బలం వచ్చి చేరుతుంది. పైగా ఫోమ్ ఎంత పైన ఉంటే, నీళ్లు నిండిన పడవ అంత నిటారుగా తేలుతుంది, తిరగబడదు. మోకాళ్ల కోసం చేసిన పని ప్రాణానికీ పనికొస్తుంది.

ఫోమ్ అంటే థర్మాకోల్ వాడకండి. పాలిఎస్టర్ రెజిన్ తగిలితే అది కళ్లముందే కరిగిపోతుంది, పెట్రోల్ పడినా అంతే. నీళ్లు పీల్చని పాలిథిన్ ఫోమ్ షీట్లు పొరలుగా పెట్టండి. పై పలకకు ప్లైవుడ్ వాడితే ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లై తీసుకోండి, అంచులన్నీ రెజిన్‌తో మూయండి.

కట్టే ముందు పాత బల్ల అడుగున పది మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వెయ్యి. ఇంజన్ ఎక్కువ తాగుతోందన్నావు కదా, నాకొక అనుమానం ఉంది.

సాగర్ గట్టు – జూలై 19

పడవ బాలానగర్ వచ్చింది. ఫిట్టర్ అన్న షాపు ముందే దించాం. ఉప్పాడ అన్న ఆదివారం సొంత పనులు మానుకుని వచ్చారు.

రంధ్రం వేయగానే నీళ్లు ధారగా వచ్చాయి. పావుగంట ఆగలేదు. పై పలక తెరిచి చూస్తే లోపల ఫోమ్ నల్లగా, తడిసిన స్పాంజిలా ఉంది. తీసి కాంటా మీద పెట్టాం, 38 కిలోలు. నాలుగు కిలోలు ఉండాల్సింది. ఇన్నాళ్లూ నాన్న పడవలో ముప్పై నాలుగు కిలోలకు పైనే నీళ్లను మోసుకు తిరిగాడు. ఇంజన్ ముసలిది కాలేదు. అంతకంటే పెద్ద సంగతి, ఆ బల్ల ఇక పడవను తేల్చే స్థితిలో లేదు. నేను కోస్తానన్న బల్ల లోపల అప్పటికే సగం పోయింది, ఎవరికీ తెలియదు. అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయాను.

ఉప్పాడ కెరటం – జూలై 19

పాత పడవలు ఉన్నవాళ్లందరికీ చెబుతున్నా. బల్లకు బోల్టులు, మేకులు కొట్టినప్పుడు ఆ రంధ్రాల్లోంచే నీళ్లు దిగుతాయి. ఈ పడవలో ఎవరో క్యాను కట్టడానికి కొట్టిన రెండు స్క్రూలే దారి ఇచ్చాయి. బల్లకు ఏది బిగించినా స్క్రూ చుట్టూ సీలెంట్ పెట్టాలి. కుదిరితే అసలు బల్లకు రంధ్రమే వేయకుండా పక్క గోడకు మ్యాట్‌తో అతికించిన రింగులకు కట్టుకోవాలి.

పుట్టి తెడ్డు – జూలై 20

ఇది చదివి పొద్దున్నే మా పడవ బల్లకు రంధ్రం వేశాను. పొడిగా ఉంది. మా అన్న పడవది తడి. వాళ్లతో కూడా తెరిపిస్తున్నాను.

అన్నా, వీపుకు ఏం పెడుతున్నారు మరి? వల గుర్తుంచుకోండి.

బాలానగర్ ఫిట్టర్ – జూలై 21

గుర్తుంది తమ్ముడూ. పాత బల్లలో కొత్త ఫోమ్ నింపి, దాని మీద పది సెంటీమీటర్ల పెట్టె కట్టాం. బల్ల వెనక అంచులో రెండు స్టీల్ గొట్టాలు మ్యాట్‌లో పూడ్చాం, పైకి ఏమీ రాకుండా నున్నగా. వీపు పలకకు రెండు కాళ్లు, ఆ గొట్టాల్లోకి దిగుతాయి. వల వేసేటప్పుడు పైకి లాగి పక్కన పడుకోబెట్టడమే. గొట్టాల అడుగున చిన్న రంధ్రం పెట్టి నీళ్లు పడవలోకే కారేలా చేశాం, ఫోమ్‌లోకి పోకుండా.

సీటు మీద స్పాంజి వద్దన్నాను, తడిస్తే ఆరదు. రెండు వేళ్ల మందం ఈవీఏ షీటు (చెప్పుల అడుగుకు వాడే మెత్తటి రకం) వేశాం. లేవడానికి ముందు వైపు నేలకు కట్టిన మందపాటి తాడు, మధ్యలో ముడి. ఫిజియో మేడమ్ చెప్పినట్టు రెండు చేతులతో పట్టుకుని లేవొచ్చు. తాడు కాబట్టి వలకు తగులుకోదు.

ట్యాంకు నడిమి బల్ల వెనకే, అడుగున, వెడల్పాటి బెల్టుతో. బ్యాటరీ ముందు పెట్టెలో, ఒంటరిగా. వైరు మొదట్లోనే ఫ్యూజు.

నల్లకుంట ఫిజియో – జూలై 21

తాడు ఆలోచన చాలా బాగుంది. నా దగ్గరికి వచ్చే ఆటో డ్రైవర్లకు కూడా చెబుతాను.

సాగర్ గట్టు – ఆగస్టు 24

పడవ నీళ్లలో దిగింది. వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు ఒడ్డున మోకాలి లోతులో ఆపి, నేను ఒక పక్క అంచు మీద కూర్చున్నాను. నాన్న కొత్త సీటు మీద. పాత లెక్కలో నీళ్లు అంచుకు జానెడు దూరానికి వచ్చేవట, ఇప్పుడు అంతకంటే కొంచెం ఎక్కువే ఉంది. బల్ల ఎత్తు పెరిగినా పడవ తేలికైంది కదా, అందుకే అనుకుంటున్నా. తర్వాత ఇంజన్ విప్పి, దాని బదులు 30 కిలోల బరువు కట్టి, లోతుకు తీసుకెళ్లి, బకెట్లతో పడవను నీళ్లతో నింపేశాం. అంచు మునగలేదు. నేనూ తమ్ముడూ పట్టుకుని వేలాడాం, అయినా తేలింది. నాన్న ఒడ్డున నిలబడి ఏమీ మాట్లాడలేదు. చాలాసేపు చూశాడు.

పెట్రోల్ ఇప్పుడు రోజుకు ఆరు లీటర్లు. ట్యాంకును ఒడ్డున నేల మీద పెట్టే నింపుతున్నాడు, పడవలో పెట్టి కాదు. ఫిట్టర్ అన్న చెప్పారు, రాపిడికి పుట్టే కరెంటు నేలకు దిగిపోతుందట. ఎండకు ఉబ్బుతుంది కాబట్టి అంచు దాకా పోయకుండా నాలుగు వేళ్లు వదిలేస్తున్నాడు. బీడీ మానలేదు, కానీ ట్యాంకు దగ్గర వెలిగించనని అమ్మ మీద ఒట్టేశాడు. ఆ ఒట్టు తప్పడు.

మొదటి రోజు ఒక ఇబ్బంది వచ్చింది. బయలుదేరిన పది నిమిషాలకు ఇంజన్ ఆగిపోయింది. నాకు టెన్షన్.

బాలానగర్ ఫిట్టర్ – ఆగస్టు 24

ట్యాంకు మూత మీది గాలి మర తెరవలేదా?

సాగర్ గట్టు – ఆగస్టు 24

అదే అన్నా. తెరవగానే నడిచింది. నాన్న ఆ మర పక్కన ఎర్ర రంగు చుక్క పెట్టుకున్నాడు, తిప్పాల్సిన దిక్కుకు.

పుట్టి తెడ్డు – ఆగస్టు 25

నిన్న పొద్దున మీ నాన్నను నీళ్లలో చూశాను. వల లాగి, తాడు పట్టుకుని లేచి, నిలబడి నాకు చెయ్యి ఊపాడు. వీపు పలక మాత్రం పక్కన పెట్టేశాడు.

సాగర్ గట్టు – ఆగస్టు 25

ఆ పలక గురించే అడుగుదామనుకుంటున్నా. నిన్న రాత్రి ఫోన్‌లో, "పలక మంచిగనే ఉంది, కానీ నా ఈపుకు రెండు వేళ్లు పైకి ఉంది, నడుముకు అందుతలేదు" అన్నాడు. కింది గొట్టాలు మార్చకుండా సరిచేయొచ్చా అన్నా?

బాలానగర్ ఫిట్టర్ – ఆగస్టు 25

గొట్టాలు ముట్టుకోవద్దు. పలక కాళ్లే రెండు వేళ్లు కోస్తే దిగుతుంది. శనివారం ఊరి నుంచి వచ్చేటప్పుడు పలక ఒక్కటి పట్టుకురా, పది నిమిషాల పని.